తవిటిమెట్ట మొలతాళ్ళు

నర్సీపట్నం,
8 ఆగస్టు 1979.

వర్ధనక్కకి,

పాదాభివందనాలు రాయను. రాయనని నీకూ తెలుసు. మనిషి మనిషి కాళ్ళకి మొక్కడం మానితే తప్ప ఈ దేశం నిటారుగా నిలబడదని ఇరవై ఏళ్ళుగా బల్లలు గుద్ది చెబుతున్నవాణ్ణి, కాయితం మీద మాత్రం ఎందుకు వంగాలి? ఇక్కడ అందరం కులాసా.

పనిమీదే రాస్తున్నాను. గొలుగొండ రోడ్డు పక్కన తవిటిమెట్ట అని ఎర్రమట్టి మెట్ట ఒకటుంది. ఇరవై ఎనిమిది ఎకరాల బంజరు. మోతుబరుల పశువులు మేసేవి. దాన్ని పద్నాలుగు కూలి కుటుంబాలకి పంచమని రెండేళ్ళు తాలూకా ఆఫీసు చుట్టూ తిరిగాం. రోడ్డు మీద కూర్చున్నాం. డెబ్బై ఆరు వేసవిలో పట్టాలొచ్చాయి, ఇంటికి రెండేసి ఎకరాలు. నేను కమిటీ అధ్యక్షుణ్ణి. బడి వదలగానే సైకిలెక్కి మెట్టకి పోయేవాణ్ణి. ఆ ఎండల్లో పొదలన్నీ కొట్టించి నేలని నున్నగా చేశాం. ముళ్ళు గుచ్చుకుంటున్నా మావాళ్ళు నవ్వుతూ నరికారు. అది నువ్వు చూడాల్సింది.

మొదటేడు చోళ్ళూ (మీ వైపు రాగులంటారు) ఉలవలూ ఇళ్ళు నిండాయి. రెండో ఏడు సగం. మూడో ఏడు చల్లిన విత్తనాలు మాత్రం తిరిగొచ్చాయి. ఈ ఏడు మొలకే లేదు. వాన తక్కువే గాని బొత్తిగా లేకపోలేదు. పడ్డది పడ్డట్టు ఎర్రగా పారి రోడ్డు కాలవలో కలుస్తోంది. నేల మీద గొడ్డలి వేస్తే ఖంగుమంటోంది.

మోతుబరులు టీకొట్టు దగ్గర నవ్వుకుంటున్నారు. “సోంబేర్లకి భూమిస్తే ఇంతే” అంటున్నారట. నా ఒళ్ళు మండిపోతోంది. భూమి ఇచ్చి బోరు ఇవ్వకపోతే, ఎరువు ఇవ్వకపోతే ఎవరు పండిస్తారు? అందుకే కరపత్రం వేస్తున్నాను. నువ్వు అనంతపురం కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే లెక్చరరువి. కాలేజీ కాయితం మీద నాలుగు ముక్కలు రాసి సంతకం పెట్టి పంపు. ‘ఈ నేలలో లోటేమీ లేదు, నీరూ ఎరువూ ఇవ్వని సర్కారుదే లోటు’ అని. బేగి పంపు.

నీ తమ్ముడు,
యాజులు


అనంతపురం,
20 ఆగస్టు 1979.

చిరంజీవి యాజులుకి,

నువ్వు మొక్కకపోయినా నేను దీవిస్తాను. అది నా ఇష్టం, దానికి కమిటీ తీర్మానం అక్కర్లేదు.

నాలుగు ముక్కలు రాయను. చూడని నేలకి యోగ్యతాపత్రం ఇచ్చేదాన్నయితే పెళ్ళిళ్ళ పేరయ్యనయ్యేదాన్ని. కాని నీ ఉత్తరంలో ఒక వాక్యం నన్ను రెండురోజులు పట్టుకుంది. ‘పొదలన్నీ కొట్టించి నేలని నున్నగా చేశాం.’ ఏ పొదలు? ఎక్కడెక్కడ ఉండేవి? చెదురుమదురుగానా, వరసలుగానా?

ఎందుకడుగుతున్నానో చెబుతాను. మా ఊరికి ఆరు మైళ్ళలో ఒక గుట్ట ఉంది. దాని ఎదుటి గుట్టెక్కి చూస్తే ముళ్ళపొదలు వాలుకి అడ్డంగా పట్టీలు పట్టీలుగా కనిపిస్తాయి. ఒక పట్టీ పొద, దాని పైన వెడల్పాటి బోడినేల, మళ్ళీ పొద, మళ్ళీ బోడి. ఎవరూ నాటలేదు, ఎవరూ గీత గీయలేదు. కింద నిలబడి చూస్తే ఏమీ తెలియదు, అంతా కంపే. పిల్లల్ని తీసుకెళ్ళినప్పుడల్లా నాకు కొత్తగానే ఉంటుంది. అంత పేదనేల అంత పొందికగా ఎలా సర్దుకుంది?

నువ్వు రెండు పనులు చెయ్యి. ఒకటి: డాల్డా డబ్బా ఒకటి తీసుకుని, రెండు వైపులా మూతలు కోసేసి, నేలలో రెండంగుళాలు దిగ్గొట్టి, సేరు నీళ్ళు పోసి, ఇంకడానికి ఎంతసేపు పట్టిందో గడియారం చూసి రాయి. ఇక్కడ బోడినేల మీద నలభై నిమిషాలు, పొద మొదట్లో మూడు నిమిషాలు. రెండు: పొద్దున్నే, ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు, తవిటిమెట్ట ఎదుటి కొండెక్కి కనిపించింది కనిపించినట్టు బొమ్మ గీసి పంపు.

అంతవరకూ సంతకం లేదు.

అక్క,
వర్ధనమ్మ


నర్సీపట్నం,
9 సెప్టెంబరు 1979.

వర్ధనక్కకి,

నేను కూడు గురించి రాస్తే నువ్వు డబ్బా గురించి రాశావు. చదువుకున్నవాళ్ళ జబ్బే ఇది. రెండేళ్ళ కిందట దేశాలన్నీ నైరోబీలో చేరి ఎడారుల మీద పెద్ద సభ పెట్టుకున్నాయి. పేపర్లో చదివాను. దోషి ఎవరయ్యా అంటే మేకా, మేకని తోలుకునే ముసలిదీ, పుల్ల నరుక్కునే కూలీ! అడవుల్ని లారీల్లో తోలించినవాడు మాత్రం వేదిక మీద కూర్చుంటాడు. నీ ప్రశ్నలు కూడా ఆ దారినే పోతున్నాయేమోనని నా అనుమానం. మావాళ్ళు పొదలు కొట్టడమే నేరం అంటావు చివరికి.

అయినా డబ్బా దిగ్గొట్టాను. గంగులు అని మా కమిటీలో పెద్దమనిషి, అతని పొలంలోనే. చుట్టూ పదిమంది చేరారు.

“ఏటి మాస్టారూ, డబ్బాకి దాహమేస్తందేటి?” అన్నాడొకడు.

“నేలకిరా” అన్నాను.

“అయితే మా బావనీ దిగ్గొట్టండి, ఆడికీ ఎప్పుడూ దాహమే.”

నవ్వులు. నీళ్ళు మాత్రం నవ్వలేదు, ఉన్నచోటే కూర్చున్నాయి. యాభై ఐదు నిమిషాలు. పైన పెంకు కట్టినట్టుంది నేల. తర్వాత గంగులు పరాచికానికి ఆ డబ్బా పట్టుకుపోయి సోమలమ్మ కంపలో దిగ్గొట్టాడు. సోమలమ్మంటే ఆ పద్నాలుగు మందిలో ఒకావిడ, మొగుడు లేడు. ఆవిడ ఒక్కతే పొదలు కొట్టలేదు. ఎంత చెప్పినా కొట్టలేదు. వట్టి సోమరి. అక్కడ పోసిన నీళ్ళు నేను గడియారం చూసేలోపే పోయాయి. కింద చెదపుట్ట ఉండి ఉంటుంది, అది లెక్కలోకి రాదు.

పొదలు ఎలా ఉండేవని అడిగావు. నాకు జ్ఞాపకం లేదు. వాక్కాయ, బలుసు, పరికి, మధ్యమధ్య చీపురుగడ్డి. గంగులు మాత్రం ఒక మాట అన్నాడు: “వరసలే మాస్టారూ. మెట్టకి మొలతాళ్ళు కట్టినట్టుండీవి. సిన్నప్పుడు ఒకటో తాడు, రెండో తాడు అని లెక్కెట్టుకుంటా ఎక్కీవోళ్ళం.”

కొండెక్కడానికి తీరిక లేదు. కరపత్రం అచ్చుకి పోతోంది. సంతకం మాట ఏమిటి?

యాజులు


అనంతపురం,
24 సెప్టెంబరు 1979.

చిరంజీవి యాజులుకి,

మొలతాళ్ళు! ఒరే, తొమ్మిదేళ్ళుగా ఆ పట్టీలకి పేరు వెతుక్కుంటున్నాను. గంగులుగారికి నా నమస్కారాలు చెప్పు.

చెదపుట్ట లెక్కలోకి రాదన్నావు. అదే అసలు లెక్క. పొద ఉంటే ఆకు రాలుతుంది, ఆకు ఉంటే చెద వస్తుంది, చెద నేలని గుల్ల చేస్తుంది, వేరు చీలుస్తుంది, అప్పుడు నీరు దిగుతుంది. బోడినేల మీద చినుకు పడీ పడీ పెంకు కడుతుంది, నీరు దిగక జారుతుంది. జారినది ఎక్కడికి పోతుంది? కింది పొద దగ్గరికి. దానితోపాటు మన్నూ, విత్తనం, పశువుల పేడా అక్కడే ఆగుతాయి. అంటే బోడినేల వృథా కాదు, కింది పొదకి అది వాన పట్టే చేట. ఆ వాలు మొత్తం పచ్చగా ఉండేంత వాన ఎటూ లేదు. అందుకని ఉన్న వానని ఒక చోట పోగేసుకుని బతుకుతోంది మెట్ట. పొద తీసేశావనుకో, పట్టేవాడు లేని నీరు పైనుంచి కిందికి పరుగు. వేగం పెరిగితే మన్నుని లాక్కుపోతుంది.

ఇంకో విచిత్రం చెప్పనా? పొదలు నడుస్తాయి. పైఅంచున నీరు ముందు ఆగుతుంది కనక కొత్త మొక్క అక్కడ మొలుస్తుంది. కిందిఅంచున చుక్క అందక ముసలి పొద చస్తుంది. రాళ్ళకి రంగు పూసి కొలుస్తున్నాను. తొమ్మిదేళ్ళలో రెండు మూరలు పైకి నడిచింది, మొత్తం పట్టీ.

మీది మా అంత ఎండునేల కాదు. మాకంటే రెట్టింపు వాన. అందుచేత మీకు ఆశ ఎక్కువే ఉంది. కాని ఈ మూడింటికి జవాబు రాయి. పంచినప్పుడు హద్దులు ఎటు వేశారు, నిలువుగానా, అడ్డంగానా? దుక్కి ఎటు దున్నుతున్నారు? సోమలమ్మ ఎందుకు కొట్టలేదు? సోమరి అనకు. నా శాస్త్రంలో ఆ పేరుతో ఏ మొక్కా లేదు.

కొండెక్కావా?

అక్క


నర్సీపట్నం,
15 అక్టోబరు 1979.

అక్కకి,

హద్దులు నిలువుగా. మెట్ట నెత్తి నుంచి రోడ్డు దాకా పద్నాలుగు చీలికలు. కమిటీ తీర్మానం. అడ్డంగా పంచితే పైవాడికి గులకరాళ్ళు, కిందివాడికి ఒండ్రుమట్టి. వేల ఏళ్ళ మన చరిత్రంతా ఇదే కదా! అందుకే ప్రతివాడికీ కాస్త రాయి, కాస్త మన్ను వచ్చేలా పంచాం. చీలిక సన్నం, అడ్డంగా నాగలి తిరగదు, కాబట్టి దుక్కీ నిలువే. ఇందులో తప్పు పట్టాలంటే ముందు సమానత్వాన్ని తప్పు పట్టాలి. పట్టు చూద్దాం.

నీ పొదల సిద్ధాంతం మూడుసార్లు చదివాను. బోడినేల తన ఒంటిమీద పడ్డ ప్రతి చుక్కనీ కిందికి అప్పగించాలి. దాన్ని తాగి పొద పచ్చగా ఉండాలి. పచ్చగా ఉన్న ఒక్కదాని కోసం చుట్టూ నాలుగింతలు ఎండాలి. దీనికి మా తాలూకాలో ఒక పేరుంది అక్కా. జమీందారీ. అది పోవడానికి మనుషులు జైళ్ళకి పోయారు. నువ్వు వృక్షశాస్త్రం పేరుతో తిరిగి తెస్తున్నావు.

ఎంక్వైరీ డిసెంబరు పదిన. అప్పటికైనా నీ కాయితం రావాలి.

యాజులు


అనంతపురం,
27 అక్టోబరు 1979.

యాజులూ,

ఏ ఎంక్వైరీ? ఎవరి మీద? ఇన్ని ఉత్తరాల్లో ఆ మాట ఎక్కడా లేదు. నిన్ను నిక్కర్ల నాటినుంచీ ఎరుగుదును. తప్పు దగ్గరికొచ్చేసరికి నీ ఉత్తరాలు పొట్టివవుతాయి.

జమీందారు మాటకి జవాబు. జమీందారు శిస్తు వసూలు చేసి పట్నంలో తగలేసేవాడు. పొద తీసుకున్న నీటిని ఎక్కడికి పట్టుకుపోయింది? ఆకు రాల్చి, గడ్డి పెంచి, పారిపోయే మన్నుని ఆపి, ఆ మెట్ట మీదే ఉంచింది. జమీందారుని దించితే రైతు తేరుకున్నాడు. పొదని నరికితే బోడినేల తేరుకుందా? మొలకే లేదని రాసింది నువ్వే. సమానత్వాన్ని నేను తప్పు పట్టను. పంచినవాడు మెట్టని చదునైన కాయితం అనుకున్నాడు, అదొక్కటే తప్పు.

నేనూ ఒకటి దాచాను, చెబుతాను. అరవై తొమ్మిదిలో వనమహోత్సవం నాడు ఆ గుట్ట మీద ఒక పక్కన నాలుగు వందల వేపమొక్కలు నాటించాను. బోడి పట్టీల్లో, బారులు తీర్చి, సైనికుల్లా. దారికడ్డమని పొదలు కొట్టించాను. పేపర్లో నా ఫొటో వచ్చింది. అమ్మ దాన్ని ట్రంకుపెట్టెలో దాచుకుంది, నువ్వూ చూశావు. ఆ మొక్కల్లో ఒక్కటీ బతకలేదు. సరే, మొక్కలు పోతే పోయాయి. పొదలూ తిరిగి రాలేదు. పదేళ్ళు! మధ్యలో మంచి వానలు పడ్డ ఏళ్ళు వచ్చాయి. నీరు పడేది, పోయేది, ఆపే అడ్డు లేదు. పక్కనే కొట్టని చోట మాత్రం, కరువొస్తే మాడినట్టుండి మరుసటేడు చిగిర్చేది. రెండింటి మీదా పడింది ఒకే వాన. ఒక హద్దు దాటాక నేల తనంతట తాను వెనక్కి రాలేదని నాకు పుస్తకం చెప్పలేదు. నా వేపచెట్లు చెప్పాయి. రాళ్ళకి రంగు పూయడం ఆ మరుసటేడే మొదలుపెట్టాను. పిల్లలకి ఎందుకో ఎప్పుడూ చెప్పలేదు.

ఇప్పుడు నువ్వు చెప్పు. కొండెక్కి మరీ చెప్పు.

అక్క


నర్సీపట్నం,
18 నవంబరు 1979.

అక్కా,

ఎక్కాను. నిన్న పొద్దున్న, గంగులుతో కలిసి. సగం దూరంలో ఆయాసం వచ్చి కూర్చుంటే, “ఉపన్యాసం ఇచ్చినప్పుడు రాని ఆయాసం ఇప్పుడొచ్చిందేటి మాస్టారూ” అన్నాడు.

పైనుంచి చూస్తే తవిటిమెట్ట దువ్వెనతో గీరినట్టుంది. నిలువునా ఎర్రటి చారలు, ప్రతి చార మధ్యా నీరు కోసిన గాడి. కొన్ని గాళ్ళలో దూడ పడితే కనిపించదు. ఆ ఎరుపంతటి మధ్యా ఒకే ఒక్క చీలికలో ఆకుపచ్చ. మూడు ముక్కలు, ఒకదాని పైన ఒకటి, అడ్డంగా. ఆ ముక్కల కొసలు రెండువైపులా కత్తితో కోసినట్టు నిలువుగా తెగి ఉన్నాయి. సరిగ్గా నా హద్దురాళ్ళ దగ్గర. గంగులు వేలుపెట్టి చూపించాడు. “అదిగో, మొలతాళ్ళు. తెగ్గా మిగిలిన ముక్కలు.” నేను బొమ్మ గీయలేకపోయాను.

కమిటీ తీర్మానం అని రాశాను కదా. కమిటీ అంటే నేనే. నిలువుగా పంచాలన్నది నా ఆలోచన. కరణం గొలుసు ఒక కొస పట్టుకుంటే రెండో కొస నేను పట్టుకున్నాను. ఆ రోజు నాకు కలిగిన గర్వం ఇంకెప్పుడూ కలగలేదు.

ఎంక్వైరీ సోమలమ్మ మీద. పట్టా ఇచ్చిన మూడేళ్ళలో భూమి సాగులోకి తేవాలని షరతు ఉంది. తేలేదు, పట్టా రద్దు చేసి లోవరాజుకివ్వమని అర్జీ. లోవరాజుకి సెంటు భూమి లేదు, నలుగురు పిల్లలు. అర్జీ రాసింది నేను. ‘పోరాడి తెచ్చుకున్న నేలని ముళ్ళపాలు చేయడం పోరాటానికే ద్రోహం’ అని చివర్లో ఒక వాక్యం కూడా అలంకరించాను.

కొండ దిగి తిన్నగా సోమలమ్మ దగ్గరికి పోయాను. వాక్కాయ కంపకి దడి కట్టుకుంటోంది. ఎందుకు కొట్టలేదమ్మా పొదలు అని అడిగాను, మూడేళ్ళలో మొదటిసారి.

“ఇప్పుడడిగినారా మాస్టారూ? కొట్టు కొట్టు అన్నారు గాని ఎందుకు కొట్టవని ఎవులడిగినారు? రండి, సూద్దురు గాని.”

పొదల వెనక్కి తీసుకుపోయింది. అక్కా, పొదకి పైఅంచున, నువ్వు చెప్పిన ఆ పైఅంచునే, రెండు బారల వెడల్పున చోళ్ళు! కోతకొచ్చిన చోళ్ళు, ఈ కరువులో! పైవరసకీ అలాగే. మూడో వరసకీ అలాగే. పైనుంచి జారిన నీరు అక్కడ ఆగుతుంది, మన్ను మెత్తగా ఉంది. పొదల్లో వాక్కాయలూ, చీపురుగడ్డీ. మూడేళ్ళుగా ఆవిడ పండించుకుంటూనే ఉంది. రోడ్డు మీద నిలబడి చూస్తే కంప అడ్డొచ్చి ఏమీ కనపడదు. నేనూ రెవెన్యూ ఇన్‌స్పెక్టరూ ఎప్పుడూ రోడ్డు మీదనుంచే చూశాం.

“సెప్పకపోయావా” అన్నాను. నాకూ ఆ యాసే వచ్చేసింది.

“మీరు ఇనే మనిషేటి? అందరికీ సమానం సమానం అని నిలువుగా గీసీసినారు. మంచిదే, కాదన్ను. వానకి తెలస్తాదేటి బాబూ మీ గీత? అది దాని దారినే వస్తాది. ఎవుడో ఒకడు అడ్డం కూకోవాల. నాను మొగుడు నేనిదాన్ని, నాకేటి పనుంది, కూకున్నాను.”

నా కలమంటే ఈ తాలూకాలో కాస్త భయం ఉంది అక్కా. ఆవిడ ముందు నిలబడితే అచ్చులో వచ్చిన నా మాటలన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఎంక్వైరీకి ఇంక ఇరవై రెండు రోజులు. ఆవిడ పట్టా పోతే అది నా చేతిరాతతోనే పోతుంది. ఇప్పుడు నాకు నీ కాయితం కావాలి. మొదట అడిగినది కాదు, వేరేది. ఏం చెయ్యాలో చెప్పు.

యాజులు


అనంతపురం,
26 నవంబరు 1979.

తమ్ముడూ,

కాయితం ఇందులోనే ఉంది, సంతకంతో. నువ్వు చూసింది చూసినట్టు రాశావు కనక, దాని మీద రాయగలిగాను. కాని కాయితం కన్నా గట్టిది ఆ చోళ్ళు. కోయనివ్వకు. ఆఫీసరుని పొదల వెనక్కి నడిపించు, డబ్బా పట్టుకెళ్ళు.

మెట్ట సంగతి. మెట్టంతా మొక్కలు నాటకండి, నాలా చెయ్యకండి. కొట్టిన కంప ఇంకా ఎక్కడైనా పడుంటే తెచ్చి, సోమలమ్మ ముక్కల కొసలు కలిసేలా, వాలుకి అడ్డంగా, సమమట్టంగా పరవండి. మూడు కర్రలు త్రిభుజంలా కట్టి, మధ్య దారానికి రాయి వేలాడదీస్తే మట్టం తెలుస్తుంది, పిల్లలకి లెక్కల్లో నువ్వు చెప్పేదే. కంప మన్నుని ఆపుతుంది, విత్తనం అదే వస్తుంది. మధ్య బోడినేల ప్రస్తుతానికి అలాగే వదిలెయ్యండి, దున్నకండి. రెండు వానాకాలాలు ఓపిక పట్టాలి.

చిక్కు ఒకటుంది. ఆ వరస పద్నాలుగు చీలికల్లోంచీ పోవాలి. ప్రతివాడూ తన వాటాలో కొంత కంపకి వదలాలి. ఒక్కడు వదలకపోతే నీరు అక్కడే కోస్తుంది. దీనికి నా దగ్గర మందు లేదు. పొదల సంగతి నాకు తెలుసు. మనుషుల సంగతి నీకు తెలుసునని నలభై ఏడేళ్ళుగా నాతో వాదిస్తున్నావు.

అక్క


నర్సీపట్నం,
22 డిసెంబరు 1979.

అక్కా,

ఎంక్వైరీ అయింది. తాసిల్దారు ఇన్‌స్పెక్టరుని పంపాడు. నేను నిలబడి, అర్జీలో రాసింది తప్పు, నేల చూడకుండా రాశాను అన్నాను.

“పంతులుగారూ, అర్జీ పెట్టిందీ మీరే, అర్జీ తప్పన్నదీ మీరే. ఎవరి మీద రాయమంటారండీ రిపోర్టు?”

“నా మీదే రాయండి.”

“మీ మీద రాయడానికి కాలమ్ లేదండీ.”

అయినా రాయించాను, సంతకం పెట్టాను. ఆయన చెప్పులు చేతపట్టుకుని, ముళ్ళని తిట్టుకుంటూ పొదల వెనక్కి వచ్చాడు. చోళ్ళు చూశాడు. డబ్బాలో నీళ్ళు పోయించుకుని, మళ్ళీ పోయమని, మూడోసారి తానే పోసుకున్నాడు. కాని రద్దు చేయనని రాయలేదు. ‘మరి రెండు వానాకాలములు గమనించి తుది నిర్ణయము’ అని రాశాడు. అంటే కత్తి ఇంకా వేలాడుతూనే ఉంది.

లోవరాజు ఆఫీసు వరండాలోనే పట్టుకున్నాడు. “నాకిస్తానన్న భూమి కంపకిచ్చినారా మాస్టారూ? కంపకి పిల్లలున్నారేటి?” నీ మాట నిజమే అన్నాను. వాదించకుండా ఒప్పుకోవడం నాకు ఇదే మొదటిసారి. నువ్వు సంతోషిస్తావు, సంతోషించకు. అతని మాటలో న్యాయం ఉంది.

కమిటీ సమావేశంలో నన్ను దింపేశారు. ‘మాట మీద నిలబడనివాడు’ అన్నారు. గంగులు లేచి, “మాట మీద నిలబడితే ఇలగే కొట్టుకుపోతాం, మట్టం మీద నిలబడదాం” అన్నాడు. పద్నాలుగులో ఏడుగురు ఒప్పుకున్నారు. ఒప్పుకోనివాళ్ళ చీలికలు మధ్యమధ్య పళ్ళూడిన నోరులా ఉన్నాయి. కంప పరుస్తున్నాం. అధ్యక్షుణ్ణి కాను కనక నాకు మోయడం ఒక్కటే పని.

యాజులు


నర్సీపట్నం,
15 నవంబరు 1981.

అనంతపురంలో ఉన్న మాస్టారి అప్పగారికి,

తవిటిమెట్ట సోమలమ్మ మీ కాళ్ళకి దండమెట్టి రాయిస్తన్నాను.

ఈ దండం దగ్గరే కలం ఆగిపోనాదమ్మా. మాస్టారు రాయనన్నారు. ఉత్తరం నాది, దండం నాది, మీకేటి నొప్పి అన్నాను. రాసినారు. నాకు సదువు రాదు. ఎలా సెప్తే అలగే రాయాల, దిద్దకూడదని ఒట్టేయమన్నాను. ఒట్లు నమ్మనన్నారు. అయితే మాటియ్యమన్నాను. ఇచ్చినారు.

నిన్న తాలూకా ఆపీసు నుంచి కాయితమొచ్చినాది. నా రెండెకరాలు నాకే. ఇంక ఎవులూ తియ్యలేరంట. మాస్టారు సదివి, కళ్ళజోడు తీసి తుడిసినారు. దుమ్మని సెప్పినారు. నిన్న గాలి నేదమ్మా.

కిందటేడు వానకి ఒప్పుకోనోళ్ళ ఏడు సీలికల్లో గాళ్ళు ఇంకా తెగినాయి. మా కంప ఎనకాల మాత్రం జానెడు మన్ను ఆగినాది. అది సూసి ముగ్గురొచ్చినారు. ఈ ఏడు మరిద్దరు. ఇంకిద్దరున్నారు. ఆలు రారు, మాస్టారి మీద కోపం. నా మీద నేదంట, అందుకే ఆల దగ్గరికి నానే ఎల్తన్నాను. పరిసిన కంపలోనే వాక్కాయ మొక్కలు లేసినాయి, మోకాలెత్తు. ఎవులూ ఎయ్యనేదు. పిట్టలేసినాయేమో. ఒకటో తాడు ఇంచుమించు కలిసినట్టే. రెండోది సగం.

లోవరాజు సంగతి మీకు మాస్టారు రాసినారంట. ఆడన్నది నిజమే కదా, ఆడికి పిల్లలు. నా పైవరస ఏసుకోమన్నాను. కాయితం నేదు, మాటే. ఈ ఏడు చోళ్ళు కోసినాడు. మాస్టారు దీనికి పేరేటో పెద్దది సెప్పినారు, నాకు నోరు తిరగనేదు. రాయొద్దన్నాను.

మీరు రెండేళ్ళ కిందట అడిగిన బొమ్మ ఇప్పుడు పంపిస్తన్నారు. మొన్న ఎదుటి కొండెక్కి గీసినారు. అచ్చేయించి పంచకుండా మిగిలిన కరపత్రాలున్నాయి, వాటెనకాల గీసినారు. నాకు సూపించినారు. బాగానే ఉంది గాని నన్ను పొదకన్నా సిన్నగా గీసినారు.

ఒక మాట అడగాలని రాయిస్తన్నాను. పొదలు నడుస్తాయని మీరు రాసినారంట. నానూ రాళ్ళకి సున్నం పూసినాను. ఆ నడక పైకే కదా. మెట్ట నెత్తిమీద ఫారెస్టోళ్ళ రాయుంది. నడిసి నడిసి పొద ఆ రాయి దాటితే అది నాదా, ఆలదా? పక్కోళ్ళ సీలికలోకి మాత్రం పోదు, పైకే పోద్ది. ‘అంటే నా నిలువు గీతే మంచిదన్నమాట’ అని మీ తమ్ముడుగారు ఇప్పుడే కలం ఒగ్గేసి సంబరపడతన్నారు. పడనివ్వండి. ఫారెస్టోళ్ళ మీద అర్జీ ఇప్పుడే రాసీమంటారా అని అడగతన్నారు. ఒద్దన్నాను. ముందు కొండెక్కి సూసొచ్చి రాయండి అన్నాను.

రాయి దాటడానికి ఎన్నేళ్ళు పడతాదో మీకు తెలిస్తే రాయండమ్మా. నాను ఉండను గాని తెలుసుకోవాలనుంది.

సోమలమ్మ వేలిముద్ర.

దస్తూరి: యాజులు. చదివి వినిపించాను. ఒక్క మాటా దిద్దలేదు, దండంతో సహా.